కొలనోస్కోపీ అయ్యాక కడుపు ఎప్పటికి కుదురుకుంటుంది?

ప్రశ్న: నా వయసు 54. వారం క్రితం కొలనోస్కోపీ (మలద్వారం గుండా కెమెరా ఉన్న గొట్టం పంపి పెద్దపేగు లోపల చూసే పరీక్ష) చేశారు. 7 మిల్లీమీటర్ల పాలిప్ (పేగు లోపలి గోడ మీద పెరిగే చిన్న కండ) ఒకటి కనిపిస్తే అప్పటికప్పుడే తీసేసి బయాప్సీకి పంపారు. ఇంటికొచ్చిన రోజు కడుపంతా ఉబ్బిపోయి ఒకటే నొప్పి. మర్నాటికి నొప్పి తగ్గింది. టాయిలెట్ పేపరు మీద ఆ ఒక్కరోజే కాస్త ఎర్రగా కనిపించింది, మళ్లీ లేదు. మూడు రోజులు అసలు మోషనే కాలేదు. భయపడి మూడో రోజు రాత్రి విరేచనాల మాత్ర వేసుకున్నాను. తర్వాత రెండు రోజులు పల్చగా అయింది. జ్వరం, వాంతులు లేవు. కానీ ఏం తిన్నా కడుపులో గుడగుడమంటోంది. అందుకని సూపు, జావ తప్ప ఏమీ తినట్లేదు. బాగా నీరసంగా ఉంది. పేగుల్లో ఉన్న మంచి బ్యాక్టీరియా అంతా కొట్టుకుపోయి ఉంటుంది, నెలల తరబడి ప్రోబయోటిక్ క్యాప్సూల్స్ వాడాలి అని తెలిసినవాళ్లు అంటున్నారు. నడుంనొప్పికి ఎప్పుడూ వేసుకునే పెయిన్ కిల్లర్ మళ్లీ మొదలుపెట్టాను. పరీక్షలో నా పేగుకి ఏమైనా దెబ్బ తగిలిందంటారా? మామూలు తిండి ఎప్పటినుంచి తినొచ్చు?

జవాబు: మామూలు తిండి ఇవాళ్టి నుంచే తినడం మొదలుపెట్టండి. మీరు రాసినదాంట్లో పేగుకి దెబ్బ తగిలిందని అనుమానించాల్సిన లక్షణం ఒక్కటీ లేదు. నొప్పి వచ్చింది, తగ్గింది. రక్తం చుక్క కనిపించింది, ఆగింది. మీ కడుపు నొక్కి చూడకుండా ఉత్తరం చదివి చెప్తున్న మాటే ఇది, కాబట్టి ఏ గుర్తులు కనిపిస్తే ఆస్పత్రికి పరిగెత్తాలో కూడా చెప్తాను. అన్నిటికన్నా ముందు, ఆ నడుంనొప్పి మాత్ర ఇవాళ వేసుకోకండి. పాలిప్ తీసిన ఆస్పత్రికి ఫోన్ చేసి, మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలో అడగండి. ఎందుకో కిందికొస్తే తెలుస్తుంది.

మీకు మూడు రోజులు మోషన్ కాకపోవడానికి కారణం మలబద్ధకం కాదు. బయటికి రావడానికి లోపల ఏమీ లేదు, అంతే. పెద్దపేగు దాదాపు మీటరున్నర పొడవుంటుంది. పరీక్ష ముందు రోజు మీరు తాగిన మందు దాన్ని ఈ చివర నుంచి ఆ చివరదాకా కడిగేసింది. ఆ మందుల్లో ఎక్కువగా వాడే పాలీఇథిలీన్ గ్లైకాల్ అనే పదార్థం ఒంటికి పట్టదు. తాగిన నీళ్లని తనతోపాటే పట్టుకుని కిందికి తీసుకుపోతుంది. చివరికి పసుపుపచ్చ నీళ్లు తప్ప ఏమీ రాని స్థితి వస్తేనే డాక్టరుకి లోపల గోడ కనపడుతుంది. ఇప్పుడు లెక్క చూడండి. మామూలు రోజుల్లో కూడా తిన్నది పెద్దపేగు దాటడానికి సగటున 30 నుంచి 40 గంటలు పడుతుంది. అది కూడా వెనకనుంచి వచ్చేది ముందున్నదాన్ని నెడుతూ ఉంటేనే. ఎండిన కాలువకి నీళ్లు వదిలితే ముందు కాలువ తడిసి, నిండి, ఆ తర్వాతే చివరి మడికి అందినట్టు, మీ పేగు కూడా ముందు నిండాలి. పైగా మీరు తాగిందేమో సూపు. అందులో మిగిలే పిప్పి ఏముంది? రెండు మూడు రోజులు మోషన్ కాకపోవడం చాలామందిలో మామూలే. నాలుగో రోజు వచ్చినా కంగారు పడక్కర్లేదు, కడుపు మెత్తగా ఉండి, గ్యాస్ పోతూ, తిండి సయిస్తూ ఉంటే.

ఇంకో సంగతి ఉంది. మలంలో మూడొంతులు నీరే. మిగిలిన గట్టి భాగంలో చాలా పెద్ద వాటా బ్యాక్టీరియాది, ఆ తర్వాత పీచు. చాలామంది మలమంటే అరగని తిండి అనుకుంటారు కానీ అందులో తిండి వాటా మనం అనుకున్నదానికన్నా తక్కువ. పరీక్షకి ముందు ఆ బ్యాక్టీరియా చాలావరకు కొట్టుకుపోయింది, పీచు మీరు తినట్లేదు. అందుకే మొదట వచ్చే ఒకటి రెండు మోషన్లు పిసరంతే ఉంటాయి, రంగు కూడా లేతగా ఉండొచ్చు.

ఇక మూడో రోజు రాత్రి వేసుకున్న మాత్ర. ఆ తర్వాత రెండు రోజులు పల్చగా అయ్యాయి కాబట్టి పేగు దెబ్బతిందేమోనని మీ భయం. అది ఆ మాత్ర చేసిన పనే అయ్యుంటుంది. ఖాళీగా ఉన్న పేగుని ఇంకోసారి కడిగారు, దాంతో నిండే పని మళ్లీ మొదటికొచ్చింది. మిమ్మల్ని తప్పు పట్టట్లేదు. పరీక్ష అయ్యాక చేతిలో పెట్టే కాగితంలో చాలాచోట్ల 'మామూలు ఆహారం తీసుకోవచ్చు' అన్న ఒక్క లైను తప్ప ఏమీ ఉండదు. మూడు రోజులు మోషన్ కాకపోవచ్చని ముందే ఒక మాట చెప్పి ఉంటే మీరు ఆ మాత్ర జోలికి వెళ్లేవారు కాదు. ఆ మాట చెప్పాల్సిన బాధ్యత పరీక్ష చేసినవాళ్లదే అని నా గట్టి అభిప్రాయం. ఇప్పటినుంచి మాత్రం డాక్టరు చెప్తే తప్ప విరేచనాల మాత్ర వద్దు.

మొదటి రోజు ఉబ్బరం గురించి. పేగు మామూలుగా ముడుచుకుని ఉంటుంది. లోపల గోడ కనపడాలంటే గాలి నింపి తెరవాలి. కొన్నిచోట్ల మామూలు గాలి నింపుతారు, కొన్నిచోట్ల కార్బన్ డయాక్సైడ్. రెంటికీ చాలా తేడా ఉంది. కార్బన్ డయాక్సైడ్ పేగు గోడలోంచి త్వరగా రక్తంలోకి చేరిపోయి ఊపిరితో బయటికి వెళ్లిపోతుంది. మామూలు గాలిలో నూటికి 78 పాళ్లు నైట్రోజనే. అది రక్తంలోకి సులువుగా ఇంకదు, వచ్చిన దారినే పోవాలి. పరీక్ష చేసినాయన చివర్లో గాలి తీసేస్తారు కానీ అంతా రాదు. పొట్ట ఎడమవైపు కింద ఒకట్రెండు రోజులు సలిపినట్టు ఉంటే దానికీ కారణం ఉంది. అక్కడ పేగు వంపులు తిరిగి ఉంటుంది, గొట్టం తోసేటప్పుడు ఆ వంపు సాగుతుంది.

గ్యాస్ ఇంకా ఇబ్బంది పెడుతుంటే మందుకన్నా ముందు నడవండి. భోంచేశాక ఇంట్లోనే పావుగంట చాలు. అప్పటికీ కదలకపోతే మంచం మీద మోకాళ్లూ మోచేతులూ ఆన్చి, తల కిందికి, నడుం పైకి ఉండేలా రెండు మూడు నిమిషాలు ఉండండి. గాలి ఎప్పుడూ పైకే పోతుంది. ఆ భంగిమలో అన్నిటికన్నా ఎత్తులో ఉండేది పేగు చివరి భాగం, కాబట్టి గాలి అటే చేరుతుంది. మోకాళ్ల నొప్పులుంటే వెల్లకిలా పడుకుని మోకాళ్లు పొట్టకి హత్తుకున్నా కొంత పని జరుగుతుంది. వేడినీళ్ల బ్యాగు పొట్ట మీద పెట్టుకోవచ్చు. ఆ చప్పుడు గురించి సిగ్గుపడి బిగబట్టుకోకండి, అది పోవాల్సిందే.

ఇప్పుడు వినిపించే గుడగుడ సంగతి వేరు. ఖాళీ పేగులో నీళ్లూ గాలీ కలిసి కదిలితే ఆ చప్పుడు వస్తుంది. లోపల తిండి నిండేకొద్దీ అదే తగ్గుతుంది. మీరేమో చప్పుడు వస్తోందని తిండి మానేశారు. తినకపోతే పేగు ఖాళీ, ఖాళీగా ఉంటే గుడగుడ, అది విని మళ్లీ తినరు. ఈ చక్రం మీరే ఆపాలి.

ఎలా తినాలో చెప్తాను. ఇవాళా రేపూ తేలిగ్గా అరిగేవి: మెత్తగా ఉడికిన అన్నం, ఉడకబెట్టిన గుడ్డు, బంగాళాదుంప, బ్రెడ్డు, బాగా మగ్గిన అరటిపండు, పెరుగు, మాంసం తినేవారైతే నూనె తక్కువ వేసి వండిన కోడిమాంసమో చేపో. ఒకేసారి కడుపు నిండా కాకుండా కొంచెం కొంచెంగా నాలుగైదుసార్లు. ఇవి సయిస్తే ఎల్లుండి నుంచి ఉడికిన కూరగాయలు కలపండి. ఆ తర్వాత పప్పులు, పళ్లు, పొట్టు తీయని ధాన్యాలు రోజుకొకటి చొప్పున పెంచుకుంటూ పోండి. పీచు పూర్తిగా మానేయకండి, అలాగని ఒక్కరోజులో గంపెడు పచ్చి కూరగాయలూ తినకండి. పీచుని పులియబెట్టే బ్యాక్టీరియా ఇంకా పూర్తిగా తిరిగి చేరలేదు. ఒక్కసారిగా మీద పడేస్తే ఉబ్బరం మళ్లీ మొదలవుతుంది. పాలు కొందరికి ఈ రోజుల్లో పడవు. తాగిన గంటా రెండు గంటల్లో ఉబ్బరం, పల్చటి మోషన్ అయితే వారం పది రోజులు ఆపి మళ్లీ చూడండి. పాలు పడనివాళ్లకి కూడా పెరుగు చాలాసార్లు పడుతుంది. గ్యాస్ ఉన్న డ్రింకులు, వేపుళ్లు, బాగా కారం ఓ నాలుగు రోజులు ఆగినా నష్టం లేదు.

మీ నీరసానికి తిండి లేకపోవడం ఒక కారణం, ఒంట్లోంచి పోయిన నీళ్లూ లవణాలూ ఇంకోటి. వట్టి నీళ్లు లీటర్లకొద్దీ తాగితే లవణాలు తిరిగి రావు. ఓఆర్ఎస్ ప్యాకెట్ మీద రాసిన కొలత ప్రకారం నీళ్లలో కలిపి ఇవాళా రేపూ తాగండి. గుండె జబ్బో కిడ్నీ జబ్బో ఉండి నీళ్లు కొలిచి తాగేవారైతే మాత్రం డాక్టరుని అడగాలి. మూత్రం లేత పసుపులో వస్తుంటే నీళ్లు సరిపోతున్నట్టే. లేచి నిలబడగానే కళ్లు తిరగడం, మూత్రం బాగా తగ్గిపోవడం ఉంటే అది ఇంట్లో చూసుకునే నీరసం కాదు.

పొద్దున్న టిఫిన్ చేసిన అరగంటలోపు, తొందరలేని సమయంలో టాయిలెట్‌కి వెళ్లి కూర్చోండి. కడుపులో తిండి పడగానే పెద్దపేగు తనంతట తాను కదులుతుంది, పొద్దుటిపూట ఆ కదలిక ఇంకా బలంగా ఉంటుంది. కమోడ్ అయితే కాళ్ల కింద చిన్న పీట వేసుకుంటే మోకాళ్లు పైకి లేచి పని సులువవుతుంది. పది నిమిషాల్లో రాకపోతే లేచి వచ్చేయండి. ముక్కి ముక్కి ప్రయత్నించకండి. అన్నిసార్లు విరేచనాలయ్యాక మలద్వారం దగ్గర చర్మం ఒరుసుకుపోయి మంట ఉండొచ్చు, పాత మొలలు ఉంటే రేగొచ్చు. గోరువెచ్చటి నీళ్ల టబ్బులో పది నిమిషాలు కూర్చోవడం, పేపరుతో రుద్దకుండా నీళ్లతో కడిగి అద్దుకోవడం, వ్యాజలిన్ లాంటిది పల్చగా రాయడం సరిపోతుంది.

మంచి బ్యాక్టీరియా గురించి మీవాళ్లు చెప్పిన మాటలో సగం నిజం ఉంది. కొట్టుకుపోయిన మాట నిజం. నెలల తరబడి మందులు కావాలన్నది నిజం కాదు. 2015లో 'గట్' అనే వైద్య పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. ఆరోగ్యంగా ఉన్న 23 మందికి పేగులు శుభ్రం చేసే మందు ఇచ్చి, ముందూ తర్వాతా బ్యాక్టీరియాని లెక్కకట్టారు. మందు తాగిన వెంటనే బ్యాక్టీరియా మొత్తం 31 రెట్లు తగ్గింది. 14 రోజులయ్యేసరికి దాదాపు మునుపటి స్థితికి వచ్చేసింది. మందంతా ఒకేసారి తాగినవాళ్లలో కన్నా రెండు విడతలుగా తాగినవాళ్లలో ఆ కుదుపు తక్కువగా ఉంది. తిరిగి రావడానికి వాళ్లకి ఎవరూ క్యాప్సూల్స్ ఇవ్వలేదు. పేగు గోడని అంటుకున్న జిగురు పొరలోనూ మడతల్లోనూ మిగిలిపోయినవే మళ్లీ పెరుగుతాయి. వాటికి కావలసింది తిండి, అది మీరు పెట్టాలి. ప్రోబయోటిక్స్‌తో పరీక్ష తర్వాత నొప్పి ఉండే రోజులు కొద్దిగా తగ్గొచ్చు కానీ దానికోసం నెలల కోర్సు అనవసరం. పెరుగు పడితే తినండి. రోగనిరోధక శక్తి తగ్గించే మందులు వాడేవాళ్లు మాత్రం డాక్టరుని అడక్కుండా ఆ క్యాప్సూల్స్ ముట్టుకోకూడదు.

ఇక పాలిప్, దాంతోపాటు ఆ పెయిన్ కిల్లర్. 7 మిల్లీమీటర్లంటే చిన్నదే. 10 మిల్లీమీటర్ల లోపు వాటిని ఈమధ్య ఎక్కువగా కరెంటు వాడకుండా సన్నటి తీగ ఉచ్చుతో కోసేస్తున్నారు. అలా తీస్తే తర్వాత రక్తం కారే అవకాశం బాగా తక్కువ. పెద్దవాటికి కరెంటుతో కాలుస్తారు. అక్కడ కట్టిన పక్కు కొన్ని రోజులకి ఊడుతుంది, రక్తం రావడమంటూ ఉంటే ఎక్కువగా అప్పుడే వస్తుంది. అందుకే పాలిప్ తీశాక రెండు వారాలు జాగ్రత్తగా ఉండమంటారు. మీరు ఇంకా ఆ రెండు వారాల్లోనే ఉన్నారు. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటి మాత్రలు రక్తం గడ్డకట్టే గుణాన్ని తగ్గిస్తాయి, పేగు గోడని కూడా ఇబ్బంది పెడతాయి. కొందరు డాక్టర్లు చిన్న పాలిప్ తర్వాత వీటిని ఆపరు, కొందరు వారం రెండు వారాలు ఆపమంటారు. మీ రిపోర్టు చూసినవాళ్లే చెప్పాలి. ఈలోగా నడుంనొప్పికి పారాసిటమాల్ వేసుకోండి, ప్యాకెట్ మీద రాసిన మోతాదు దాటకుండా. లివర్ జబ్బు ఉంటే అది కూడా అడిగే వేసుకోండి.

గుండె కోసమో పక్షవాతం రాకుండానో రక్తం పలచబడే మందు వాడేవాళ్లు ఇది చదువుతుంటే, దయచేసి నా మాట పట్టుకుని ఆ మందు ఆపకండి. మీకు అది ఆపితే వచ్చే ప్రమాదమే పెద్దది. ఎప్పుడు మొదలుపెట్టాలో తేదీతో సహా డాక్టరు దగ్గర రాయించుకోండి.

ఆస్పత్రికి వెళ్లాల్సిన గుర్తులు చెప్తాను. గ్యాస్ నొప్పి వస్తుంది, పోతుంది, చోటు మారుతుంది, గాలి పోతే తేలికపడుతుంది. పేగుకి చిల్లు పడిన నొప్పి అలా ఉండదు. ఆగకుండా పెరుగుతుంది. దగ్గినా, కదిలినా, మంచం కుదిపినా ఎక్కువవుతుంది, పొట్ట చెక్కలా బిగుసుకుంటుంది. ఇది చాలా అరుదు, వస్తే ఎక్కువగా మొదటి రెండు రోజుల్లోనే వస్తుంది, అయినా ఎప్పుడొచ్చినా ఆగకూడదు. 38 డిగ్రీల సెల్సియస్ దాటిన జ్వరం, చలితో వణుకు, ఆగని వాంతులు, పొట్ట ఉబ్బి గ్యాస్ కూడా పోకపోవడం, ఇవన్నీ అదే రోజు చూపించుకోవాల్సినవే. పేపరు మీద చార కాకుండా చెంచాడు మించి రక్తం పడినా, గడ్డలు వచ్చినా, ఒక మోషన్ తర్వాత ఇంకోటి రక్తమే అయినా, తారులా నల్లగా జిగటగా వాసనతో వచ్చినా అంతే. ఐరన్ మాత్రలు వేసుకునేవాళ్లకి మలం నల్లగానే వస్తుంది, దానికి భయపడక్కర్లేదు కానీ ఆ జిగటా ఆ వాసనా ఉండవు. చాలా అరుదుగా ప్లీహానికి (పొట్ట పైభాగంలో ఎడమవైపు ఉండే అవయవం, స్ప్లీన్ అంటారు) దెబ్బ తగులుతుంది. అప్పుడు పక్కటెముకల కింద ఎడమవైపు నొప్పి, దాంతోపాటు ఎడమ భుజం నొప్పి, కళ్లు తిరగడం ఉంటాయి. భుజం నొప్పే కదా అని ఇంట్లో కూర్చుంటారనే ఇది ప్రత్యేకంగా రాస్తున్నాను. ఆస్పత్రికి ఎవరు తీసుకెళ్లినా, ఫలానా రోజు కొలనోస్కోపీ అయింది, పాలిప్ తీశారు అన్న ముక్క ముందు చెప్పమనండి. ఆ ఒక్క మాటతో అక్కడి డాక్టరు ఆలోచన సరైన దారిలో మొదలవుతుంది.

ఇవేవీ లేకపోతే మరో వారానికి మీ కడుపు దాదాపు పాత దారిలో పడాలి. అప్పటికే మలబద్ధకమో, తిన్న వెంటనే మోషన్‌కి పరిగెత్తే అలవాటో ఉన్నవాళ్లకి ఇంకొన్ని రోజులు పట్టొచ్చు. మామూలుగా తింటూ కూడా నాలుగైదు రోజులు మోషన్ కాకపోయినా, రెండు వారాలు దాటాక కూడా పల్చగానే అవుతున్నా డాక్టరుకి చూపించండి.

ఆస్పత్రికి ఫోన్ చేసినప్పుడు పెయిన్ కిల్లర్ ఒక్కటే అడిగి పెట్టేయకండి. పాలిప్ తీసిన చోట రక్తం కారకుండా బిగించే చిన్న లోహపు క్లిప్ వేశారా అని అడగండి. వేస్తే అది కొన్ని వారాల్లో తనంతట తనే ఊడి పోతుంది, చాలామందికి తెలియను కూడా తెలియదు. కానీ ఈలోగా నడుంనొప్పికని ఎవరైనా ఎమ్మారై రాస్తే, క్లిప్ ఉందని స్కానింగ్ వాళ్లకి చెప్పి తీరాలి. బయాప్సీ రిపోర్టు ఎప్పుడొస్తుందో అడగండి, అది తీసుకుని స్వయంగా డాక్టరుకి చూపించండి. మళ్లీ కొలనోస్కోపీ ఎన్నేళ్లకి చేయించుకోవాలన్నది ఆ పాలిప్ ఏ రకమో చూశాకే తేలుతుంది. ఆ రోజు వచ్చినప్పుడు మందుని రెండు విడతలుగా ఇమ్మని, కార్బన్ డయాక్సైడ్ వాడే వీలుందేమోనని ముందే అడగండి. ఈసారి పడ్డ ఇబ్బందిలో కొంతైనా తప్పుతుంది.